ఏడో ప్రశ్న

ఖయెలిత్షాలో వాన పడితే
ముందు ఇసుక తాగుతుంది, తర్వాత మనుషులు తడుస్తారు.
రేకుల ఇంటి గుమ్మంలో గొడుగు దులిపి
పెన్ను తీశాను.
"ఏడో ప్రశ్న. కెటిల్‌తో టీ కాచుకోగలరా?"

మామా నొజుకిలేకి పక్షవాతం వచ్చి తొమ్మిది నెలలు.
ఎడమ చెయ్యి ఒళ్ళో నిద్రపోతున్న పిల్లిలా ఉంది.
కుడి చేత్తో మూడుకాళ్ళ ఇనప కుండ మూత లేపి
మోకాలికి ఆనించి
దంచిన మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలియబెడుతోంది.
రాత్రంతా నానినవట.
గుమ్మం బయట నలుగురు పిల్లలు గిన్నెలతో సిద్ధం.

కెటిల్ ఆ ఇంట్లో లేదు.
రూలు ప్రకారం సున్నా. వేశాను.
"ఎన్ని మార్కులొచ్చాయే నాకు?" అంది.
వాన చప్పుడులో వినపడనట్టు నటించాను.

నా పేరు నొమ్‌గ్‌కోబో.
రాసినట్టు పలికితే అది నేను కాదు.
మధ్యలో ఒక అక్షరముంది,
నాలుకని పళ్ళ వెనక ఆనించి లాగాలి.
ఎవరికో కాలు విరిగిందంటే "చ్చొచ్చొ" అంటారే, ఆ చప్పుడే.
లోకానికి అది జాలి.
మా అమ్మ దాన్ని సంతోషమనే మాటలో పెట్టి
నాకు పేరుగా ఇచ్చింది.

డిపార్ట్‌మెంట్‌లో మూడేళ్ళు నేను "నోమీ"ని.
మెర్సియా అడోనిస్ మేడమ్ ఒక్కతే
కారు అద్దంలో చూసుకుంటూ సాధన చేసిందట.
సిగ్నల్ దగ్గర పక్క కారువాడు
పాపం ఈవిడకేమైందో అని అద్దం దించాడట.

ఆ సాయంత్రం ఆమె నా ఫారం మీద వేలు పెట్టి
"ఈ సున్నా ఎవరిది?" అంది.
నీళ్ళు నమిలాను.
బీరువా కింది అర లాగింది. దారం కట్టిన కట్టలు.
"ఇరవై రెండేళ్ళు నేనూ వేశాను. విప్పు."
దుమ్ముకి ఇద్దరం తుమ్మాం.

నా మొదటి చిత్తుప్రతి నిండా నిప్పులే.
"కోపం బాగుంది. దానికి పట్టిక గియ్యి."
నాలుగుసార్లు గీయించింది.
ఐదోసారి ఏడ్చాను.
నా ఏడుపు అయ్యేదాకా రస్కు టీలో ముంచుకు తింటూ కూచుని
"పదకొండో వరుసలో కూడిక తప్పింది" అంది.

పత్రిక నుంచి జవాబు:
ఇనప కుండ స్థానికం, అందరికీ వర్తించదు.
మేడమ్ నవ్వు మెట్లదాకా వినపడింది.
"కెటిల్ ఏ దేవుడి వంటింట్లోంచి వచ్చిందో అడుగు.
మర్యాదగానే అడుగు."
నా పేరు ముందు, తన పేరు చివర.
అచ్చులో నా అక్షరం ఎగిరిపోతే
ఆ ఒక్క అక్షరం కోసం మూడు ఉత్తరాలు.

ఆమె వేళ్ళ కణుపులు ఈమధ్య వాచాయి.
ఆప్రికాట్ జామ్ సీసా మూత రాక నావైపు జరిపింది.
తీసి ఇవ్వబోతే, ఆపింది.
"సగం తిప్పి ఇవ్వు. మిగతా సగం నాది."
మొదటి ఏడాది పాఠమే అది, పరీక్షలో కూడా రాశాను.
అర్థమైంది మాత్రం ఆ జామ్ సీసా దగ్గర,
ఐదుసార్లు గీసిన పట్టికతో సహా.

ఈ ఏడు తష్రీక్ చేరాడు. నత్తి.
సెమినారంటే మెట్ల కింద ఉంటాడు.
అతని మాట మధ్యలో చిక్కుకున్నప్పుడు
అందించెయ్యాలని నా నాలుక దురద పెడుతుంది.
రెండుసార్లు అందించేశాను కూడా.
సగం దగ్గర ఆగడం నాకింకా రాలేదు.

నిన్న కొత్త ఏడో ప్రశ్న రాసుకుని మళ్ళీ ఆ గుమ్మానికి వెళ్ళాను.
"మీ ఇంట్లో ఎవరికైనా ఆకలేస్తే..."
మామా నొజుకిలే పూర్తి కానివ్వలేదు.
పిల్లిలాంటి ఆ ఎడమ చేతిని ఎత్తి
బల్ల మీద పెట్టి, దానికి గిన్నె ఆనించి
కుడి చేత్తో వడ్డించి నా ముందుకి తోసింది.

"తిను. మార్కులు తర్వాత."